నాలుగో పక్క

మూడో పిట్టకు కన్ను పెట్టే ముందు ఆమె ఊపిరి బిగబట్టింది. కుంచె మొనకు అంటిన నల్లరంగు ఆవగింజలో సగం కూడా లేదు. ఆ చుక్క వెంట్రుకవాసి ముందుకు పడితే పిట్ట మొద్దులా కనిపిస్తుంది. వెనక్కి పడితే బెదిరినట్టుంటుంది. పడాల్సిన చోట పడితే మాత్రం ఎవరో పిలిచినట్టు తల తిప్పి చూస్తుంది. చిటికెన వేలు చెక్క మీద ఆనించి, కుంచెను నిటారుగా దించి, తాకీ తాకనట్టు తాకించి ఎత్తేసింది.

పిట్ట తల తిప్పి చూసింది.

ఆమె ఊపిరి వదిలి వెనక్కి జరిగి కూర్చుంది. వంటింట్లో కుక్కరు రెండో కూత వేసింది. ఇంకో కూత వచ్చేలోపు కుంచె కడగాలి. కడిగేలోపు ఒక్కసారి ఆ మూడో పక్కను పూర్తిగా చూసుకోవాలి. రోజు మొత్తంలో ఆమెకంటూ ఉండేది ఆ కాసేపే.

వెనక వరండా వెడల్పు నిండా మూడు గజాలుండదు. ఒక చివర బట్టలు ఉతికే బండ, రెండో చివర భర్త పనిబల్ల. గోడకు మేకులు కొట్టి రంపాలు, చిత్రిక, నాలుగు సైజుల ఉలులు వేలాడదీసి ఉంటాయి. ఒక్కో పనిముట్టు చుట్టూ గోడ మీద పెన్సిలుతో దాని ఆకారం గీసి పెట్టాడాయన, ఏది ఎక్కడ తగిలించాలో తప్పిపోకుండా. ఆ బల్లకీ, ఉతికే బండకీ మధ్య మిగిలిన జాగాలో ఒక పొట్టి పీట, చెప్పుల అట్టపెట్టెలో సర్దిన రంగు డబ్బాలు, గాజుసీసాలో తలకిందులుగా నిలబెట్టిన కుంచెలు. అది ఆమెది. దాని చుట్టూ ఎవరూ గీత గీయలేదు.

ఎదురుగా ఉన్నది బొమ్మల పెట్టె. రెండడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. ఆయన ఆఫీసులో పెద్ద ఆఫీసరు మనవరాలి కోసం. మూత మీద తీగలు అల్లుకున్నాయి. మూడు పక్కలా నీలంపిట్టలు వాలి ఉన్నాయి. నాలుగో పక్క మాత్రం ప్రైమరు పూసి తెల్లగా ఉంది.

భర్త ఆవలిస్తూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పొడుగాటి మనిషి. బనీను మీద చెక్కపొట్టు, నిన్నటిది, ఇంకా అలాగే ఉంది.

"ఎందాకా వచ్చింది?"

"మూడోది అయిపోయిందండీ."

వంగి, పెట్టె మూలను అరచేత్తో నిమిరాడు. నిమిరిన చోటే మళ్ళీ నిమిరాడు. "ఇక్కడ అతుకు నోరు తెరుచుకుని ఉండాలే! ఏదీ?"

"లప్పం కూరి, పైన తీగ మొదలు పెట్టాను. అక్కణ్ణుంచి పైకి పాకించేశాను."

"భలేదానివే." ఆయన నిజంగానే మురిసిపోయాడు. "సాయంత్రం ఆఫీసరు గారు, మేడం గారు వస్తామన్నారు. నాలుగోది కూడా అయిపోతే బాగుణ్ణు."

"నాకు డ్యూటీ ఉందిగా."

"అదీ నిజమేలే. పోనీ, సగంలో ఉంటేనే మంచిది. పని నడుస్తున్నట్టుంటుంది." అని పళ్ళు తోముకోవడానికి వెళ్ళిపోయాడు.

మూడో కూత వచ్చింది. ఆమె కుంచెను టర్పెంటైనులో ముంచి, గుడ్డకు తుడిచి, సబ్బుతో కడిగి, మొనను పెదాల మధ్య పెట్టి సన్నగా తీసింది. తర్వాత గోళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టింది. పాత పళ్ళబ్రష్షు, నూనె, సబ్బు, మళ్ళీ నూనె. కుడిచేతి బొటనవేలి గోరు అంచున నీలం ఎంతకీ వదల్లేదు.

*

తొమ్మిదేళ్ళ కిందట ఆయనకు రక్తపోటు వచ్చింది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, "ఏదన్నా చేతిపని పెట్టుకోండి. మనసు దాని మీద పడితే ఇది అదే దిగుతుంది," అన్నాడు. ఆయన ఆఫీసులో పాత ఫైళ్ళ గదికి గుమస్తా. చేతిపని అంటే ఫైళ్ళకు తాడు కట్టడం తప్ప ఏమీ ఎరగడు. వీధి చివర కొట్టు మూసేస్తున్న ఒక వడ్రంగి దగ్గర పాత పనిముట్లు కొనుక్కొచ్చాడు. మొదటిరోజే వేలు కోసుకున్నాడు. రెండో వారానికి ఒక స్టూలు తయారైంది. మూడు కాళ్ళు నేల మీద ఉండేవి, నాలుగోది గాలిలో ఉండేది. పైచెక్క మధ్యలో జానెడు పగులు.

అయినా ఆయన ఆ స్టూలు చుట్టూ తిరుగుతూ, దాన్ని తట్టి చూసుకుంటూ చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. చెక్క వాసన, చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టుకుని రాలే పొట్టు, గరుకు కాగితం పెట్టి రుద్దేకొద్దీ నునుపెక్కే గుణం, ఇవన్నీ భోజనాల దగ్గర చెప్పేవాడు. పెళ్ళయిన పద్ధెనిమిదేళ్ళలో ఆయన అన్ని మాటలు మాట్లాడగా ఆమె వినలేదు. పిల్లల్లేని ఇల్లు. అంతకుముందు ఆ ఇంట్లో చప్పుడంటే గిన్నెలదీ కుళాయిదే.

పగులు చూసి చూసి ఆయన స్టూలు పారేస్తానన్నప్పుడు ఆమె ఆపింది. గేటుకు వేయగా మిగిలిన పచ్చరంగు డబ్బా అటక మీద ఉంది. పగులునే కాడగా చేసి, దానికి అటొకటి ఇటొకటి ఆకులు పెట్టింది. ఎక్కడా నేర్చుకోలేదు. కుంచె నొక్కితే ఆకు వెడల్పవుతుందని, ఎత్తుతూ పోతే మొన తేలుతుందని ఐదో ఆకుకు చేతికే తెలిసిపోయింది. మొత్తం పదకొండు ఆకులు. పదకొండోది వేసేసరికి పొద్దు వాలింది. అన్నం వండలేదన్న సంగతి ఆమెకు గుర్తే లేదు. ఆయనా అడగలేదు. ఇద్దరూ ఆ స్టూలును చూస్తూ కూర్చున్నారు.

ఆయన దాన్ని ఆఫీసుకు పట్టుకెళ్ళాడు. ఆ సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. "అందరూ ఎగబడ్డారంటే నమ్ము. ఈ ఆకులు ఎవరు వేశారన్నారు. నేనే అనేశానే! నోటికి అలా వచ్చేసింది."

"బాగుంది, నేను వేశానని చెప్పకపోయారా?"

"ఇంట్లో ఆడాళ్ళు వేశారంటే ఏముంది, ముగ్గేశారన్నట్టే ఉంటుంది. నేను వేశానంటేనే కదా నోళ్ళు తెరిచింది!"

ఆమె నవ్వింది. తర్వాత ఎన్నోసార్లు ఆ నవ్వు దగ్గరికే వెళ్ళి ఆగిపోయేది. ఆ రోజు తాను నిజంగానే, మనసారా నవ్వింది.

ఆ తర్వాత స్టూళ్ళు పీటలయ్యాయి, పీటలు పెట్టెలయ్యాయి, పెట్టెలు అద్దాల చట్రాలయ్యాయి. ఆఫీసులో ఆయన పేరు పోయి "ఆర్టిస్టు గారు" మిగిలింది. ఆయన పనితనం కూడా మెరుగుపడింది, కాదనడానికి లేదు. చెక్కను పట్టులా తేల్చేవాడు. మూలల దగ్గర మాత్రం ఆయన రంపం ఎప్పుడూ ఒక నూలువాసి తప్పేది. ఆ తప్పిన చోటల్లా ఆమె తీగ పాకేది. ఆమెకు కావలసిన కుంచెలు ఎంత ఖరీదైనా తెచ్చేవాడు. ఆఫీసులో విన్న పొగడ్త అక్షరం పొల్లుపోకుండా ఇంటికి తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు. "ఇవాళ క్యాషియరు ఏమన్నాడో తెలుసా..." అంటూ. ఆమె వాటా ఆమెకు ముట్టజెప్పానని ఆయన నమ్మకం. చాలాకాలం ఆమె కూడా అలాగే అనుకుంది.

మూడేళ్ళ కిందట ఆఫీసు వార్షికోత్సవంలో ఆయనకు జ్ఞాపిక ఇచ్చారు. ఆమె మూడో వరసలో కూర్చుంది. ఆయన మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "పిట్టకు ప్రాణం కన్ను దగ్గరుంటుందండీ. వెంట్రుకవాసి ముందుకు పడితే మొద్దులా ఉంటుంది, వెనక్కి పడితే బెదిరినట్టుంటుంది. ఊపిరి బిగబట్టి పెట్టాలి," అన్నాడు. అవి ఆమె మాటలు. ఒక ఆదివారం వరండాలో, ఆయన పక్కన కూర్చుని, ఎంతో ఇష్టంగా చెప్పుకున్న మాటలు. హాలంతా చప్పట్లు కొట్టింది. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచి, "అదృష్టవంతులండీ మీరు," అంది. ఆమె కూడా చప్పట్లు కొట్టింది. కొట్టకపోతే బాగుండదు.

మర్నాటి నుంచి కుంచె ముట్టలేదు. ఆయన ఏమీ అడగలేదు. పెట్టెలు చేసి, ప్రైమరు పూసి, ఆమె పీట పక్కన ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పోయాడు. నెల తిరిగేసరికి తెల్లటి చెక్కలు గోడలా లేచాయి. బట్టలు ఉతుకుతున్నా, గిన్నెలు తోముతున్నా ఆ తెలుపు కంటికి అడ్డం పడేది. ఇక్కడ కొమ్మ వంగితే బాగుంటుంది, అక్కడ రెక్క విప్పితే బాగుంటుంది అని చెయ్యి లోపల్లోపలే కదిలేది. ముప్ఫై ఒకటో రోజు పొద్దున్నే లేచి పీట లాక్కుని కూర్చుంది. భర్త మీద గెలవడం కష్టం కాదు. ఖాళీ చెక్క ముందు ఆమె ఎంతోకాలం నిలవలేకపోయింది.

*

ఏడూ పదికి బస్సు. ఎనిమిదికి మందుల ఫ్యాక్టరీ గేటు. తలకు టోపీ, మూతికి గుడ్డ, కాళ్ళకు తొడుగులు. లోపలికి పోయే గుమ్మం దగ్గర సూపర్వైజరు అందరి చేతులూ తిప్పి తిప్పి చూస్తుంది.

"ఏంటిది, మళ్ళీ నీలం?"

"వదల్లేదమ్మా."

"ఇంట్లో ఇల్లంతా నువ్వే రంగులేస్తావా ఏం? పో, ఇంకోసారి కడుక్కునిరా."

ఇంజెక్షన్ సీసాల్లో నలక వెతకడం ఆమె ఉద్యోగం. చిన్న గూడులాంటి పెట్టె, దానిలోపల పైన దీపం, ఎదురుగా సగం తెల్లగా, సగం నల్లగా ఉండే పలక. నాలుగు సీసాలు మెడలు పట్టుకుని తలకిందులు చేయాలి. మెల్లగా తిప్పాలి. నల్లవైపు ఐదు లెక్కపెట్టేదాకా చూడాలి, తెల్లవైపు ఐదు లెక్కపెట్టేదాకా చూడాలి. గాజు పలుకు మెరుస్తుంది, నూలుపోగు ఈదుతుంది, రబ్బరు ముక్క కిందికి దిగుతుంది. నలక ఉన్నది ఎర్ర ట్రేలోకి, లేనిది తెల్ల ట్రేలోకి. పూటకు రెండు వేల పైచిలుకు. పందొమ్మిదేళ్ళుగా ఆమె చేతి మీదుగా ఎన్ని లక్షల సీసాలు దాటిపోయాయో ఎవరికీ తెలియదు. వాటి పైన కంపెనీ పేరుంటుంది, మందు పేరుంటుంది. చూసిన కళ్ళ పేరు ఉండదు. అందులో ఆమెకు ఎప్పుడూ వింతేమీ తోచలేదు. అది జీతానికి చేసే పని.

పక్క గూటిలో కూర్చునేదాన్ని అందరూ "గడియారం" అంటారు. చేతికి వాచీ పెట్టుకోనివ్వని చోట అడగకుండానే టైము చెబుతుంది. ఒక్క నిమిషం తేడా రాదు.

"పదిన్నర, అక్కా. కళ్ళు మూసుకునే టైము."

రెండు గంటలకొకసారి పది నిమిషాలు కళ్ళకు విరామం. మసక దీపం ఉన్న గదిలో బెంచీల మీద కూర్చుని కళ్ళు మూసుకోవాలి. అది నియమం. అందుకని అక్కడ అందరూ కళ్ళు మూసుకునే మాట్లాడుకుంటారు.

"మీరిచ్చిన గాజుల డబ్బా చూసి మా ఆడపడుచు ఎవరేశారంది," అంది గడియారం. "మీరేనని చెప్పా."

"ఎందుకు చెప్పావు?"

"చెప్పక? నేనేశానంటానా? నేను గీస్తే పిట్టకీ పిడకకీ తేడా ఉండదు."

ఆమె నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"నాకు తెలీక అడుగుతా, అక్కా. రోజూ గోళ్ళు చూసి తిట్లు తినేది మీరు. మీ ఆయన గోళ్ళు ఎవరన్నా చూశారా?"

"ఆయన చెక్కపని చేస్తారే. అదేం చిన్న పనా?"

"చిన్నదని నేనన్నానా? అది ఆయనది. ఇది మీది. ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా చెప్పలేదా ఆయన, ఎవరికైనా?"

"నేనడగలేదుగా."

"అడిగితేనా చెప్పడం!"

బెంచీ చివర ఎవరో దగ్గారు. ఆమె కళ్ళు తెరవలేదు. రెప్పల వెనక ఎర్రటి చీకటిలో నాలుగో పక్క తెల్లగా కనిపిస్తోంది. మూడు పక్కలా నీలమే. ఈసారి నీలం వద్దనిపించింది. ఎప్పుడూ నీలమే ఎందుకు? మొదటి పిట్ట నీలాన్ని ఆఫీసులో ఎవరో మెచ్చుకున్నారని ఆయన నీలం డబ్బాలే తెస్తూ వచ్చాడు.

"పదీ నలభై," అంది గడియారం. అందరూ కళ్ళు తెరిచారు.

*

అయిదున్నరకు ఆఫీసరు, ఆయన భార్య వచ్చారు. ఆమె అప్పుడే బస్సు దిగి వచ్చి ముఖం కడుక్కుని టీ పెడుతోంది. ఆఫీసరు బట్టతల, మెత్తటి మాట. భార్య లావుపాటి, సరదా మనిషి. వస్తూనే సరాసరి వరండాలోకి నడిచింది.

"ఇక్కడేనా మీరు కూర్చునేది? ఈ పీట మీదేనా? అయ్యో, మీ అంత పొడుగు మనిషి ఇంత పొట్టి పీట మీద ఎలా ముడుచుకుంటారండీ!"

"అలవాటైపోయింది మేడం," అన్నాడాయన.

ఆఫీసరు భార్య పెట్టె చుట్టూ మోకాళ్ళ మీద తిరిగింది. ఒక్కో పిట్టనూ వేలితో చూపిస్తూ, ముట్టుకోకుండా, "ఇది అలిగింది. ఇది దీన్ని బతిమాలుతోంది. ఇదిగో, ఇదెవరో పిలిస్తే చూస్తోంది," అంది. టీ గ్లాసుల ట్రే పట్టుకుని ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒకరు తన పిట్టల్ని సరిగ్గా చదవడం కళ్ళారా చూసింది. ట్రే కిందపెట్టి ఆ మనిషి పక్కన కూర్చోవాలనిపించింది.

"ఒక్క ఆకు మా ముందు వేయండి," అంది ఆఫీసరు భార్య, ఫోను బయటికి తీస్తూ. "మా మనవరాలికి చూపిస్తాను. తాతయ్య ఆఫీసులో మామయ్య ఇలా వేశాడని."

ఆయన ముఖంలో రంగు మారింది. "వెలుతురు చాలదేమో మేడం."

"బోలెడుంది. చిన్న ఆకు. ఒక్కటంటే ఒక్కటి."

తప్పలేదు. పీట మీద కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. కుంచెను పెన్ను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆకుపచ్చ డబ్బాలో మెడదాకా ముంచి తీశాడు. అంచుకు తుడవలేదు. ఆమె కుడిచెయ్యి తనకు తెలియకుండానే కదిలింది. ఆయన మూడో పక్క మీద, తీగ పక్కన, కుంచె ఆనించాడు. ఆకు పడలేదు. బొట్టు పడింది. బఠాణీ గింజంత బొట్టు, ఒక క్షణం నిలబడి, అలా జారుతూ పిట్ట రెక్క వైపు దిగసాగింది.

ఆమె ట్రేను కింద పడేసినట్టే దించేసింది. ఎలా వెళ్ళిందో వెళ్ళింది. గుడ్డ కొసతో బొట్టును కిందినుంచి పట్టి ఆపి, పైకి తుడిచి, మిగిలిన తడిని బొటనవేలి అంచుతో ఒక్క లాగు లాగింది. ఆకైంది. మొన తేలిన, కాస్త పక్కకు వాలిన ఆకు.

గ్లాసులు పడలేదు కానీ టీ ట్రేలో ఒలికింది.

"అబ్బో!" అంది ఆఫీసరు భార్య. "మీకూ వచ్చే! వేలితోనే వేసేశారే!"

ఆమె భర్త వైపు చూసింది. ఏమీ అడుగుతున్నట్టు చూడలేదు. ఊరికే చూసింది. ఇప్పుడు ఆ మాట ఎంత తేలిక! ఏడాదికొకసారి వచ్చే సందర్భం కూడా కాదిది, తొమ్మిదేళ్ళకొకసారి వచ్చింది. ఆయన చేతిలో కుంచె ఉంది. చూపు మాత్రం డబ్బా మూత మీద ఉంది.

"నా పక్కన కూర్చుని కూర్చుని అబ్బిందండీ," అన్నాడాయన. "కుంచెలు కడగడం, తుడవడం అంతా తనే."

ఆఫీసరు నవ్వాడు. "సాంగత్యం మరి!"

"నిజమేనా అండీ?" అంది ఆఫీసరు భార్య ఆమెతో. ఆ ప్రశ్నలో కల్మషం లేదు.

ఆమె బొటనవేలికున్న పచ్చరంగును గుడ్డకు తుడుచుకుంది. "అవునండీ. తుడవడం బాగా వచ్చు నాకు," అంది. ట్రే తీసుకుని, "టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టుకొస్తా," అని లోపలికి వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆయన వీధి మలుపు దాకా సాగనంపి వచ్చాడు. చెమట తుడుచుకుంటూ వరండాలోకి వచ్చి, "బతికించావే. ఇంకో నిమిషమైతే పరువు పోయేది," అన్నాడు.

ఆమె కుంచెలు కడుగుతోంది. తల ఎత్తలేదు. "ఆ నాలుగో పక్క మీరే వేయండి."

"నేనా!" ఆయన నవ్వాడు. "చూశావుగా నా ప్రతాపం. రేపు ఆదివారమేగా, తీరిగ్గా వేద్దాంలే."

"వేద్దాం" అన్న మాట విని ఆమె ఒకసారి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన లోపలికి వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు.

ఇంకా కాస్త వెలుతురుంది. ఎదురు మేడల మీద ఆరేసిన దుప్పట్లు ఒక్కొక్కటే తీసేస్తున్నారు. ఆమె పీట మీద కూర్చుని, అట్టపెట్టెలో అడుగున ఉన్న ఖాళీ డబ్బా ఒకటి తీసింది. దాంట్లో ఎరుపు పోసింది. పసుపు కలిపింది. చాల్లేదనిపించి ఒక చుక్క నలుపు వేసి పుల్లతో తిప్పింది. అది ఆమెకు కావలసిన రంగు కాలేదు. ఇంకో చుక్క పసుపు. చెక్కముక్క మీద గీసి చూసుకుని, వెలుతురు వైపు పెట్టి, మళ్ళీ గీసింది. చాలాసేపు అలా కలుపుతూనే ఉంది. చీకటి పడి రంగు కనిపించకుండా పోయాక మూత గట్టిగా బిగించి, అట్టపెట్టెలో పెట్టి లేచింది. అన్నం పెట్టింది, తిన్నది, గ్యాసు కట్టేసింది, పడుకుంది.

పొద్దున ఆమె లేవలేదు. ఆదివారం కదా, పడుకోనీ అని ఏడున్నర దాకా ఆయన లేపలేదు. టీ తానే పెట్టుకొచ్చి పిలిచాడు. భుజం తట్టాడు. గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ తట్టాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని, బాధ తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు.

*

ఆఫీసు అంతా కదిలి వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి నలుగురు వచ్చారు. జనం ఇంట్లో పట్టక వరండాలోకి వెళ్ళారు. అక్కడ పెట్టె అలాగే ఉంది. ఆఫీసరు భార్య నాలుగో పక్క తెల్లగా ఉండడం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీరు దీని గురించి ఏమీ బెంగ పెట్టుకోకండి," అంది ఆయనతో. "ఎప్పటికైనా సరే, మీకు మనసు కుదిరినప్పుడే."

ఆయన రెండు రోజులుగా నిద్రపోలేదు. కళ్ళు వాచి ఉన్నాయి. ఆ ఏడుపులో అబద్ధం లేదు. పెట్టె వైపు చూసి, తల అడ్డంగా ఊపి, "ఇది ఇక నా చేత కాదు మేడం," అన్నాడు.

తొమ్మిదేళ్ళలో ఆ పిట్టల గురించి ఆయన బయటివాళ్ళ ముందు పలికిన మొదటి నిజం అది. విన్నవాళ్ళందరికీ కళ్ళు చెమర్చాయి. ఆఫీసరు ఆయన భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు.

గడియారం గోడకానుకుని నిలబడి ఉంది. "అక్కే కదండీ వేసేది," అంది, గట్టిగానే.

"అవునమ్మా, పక్కనే కూర్చుని అన్నీ అందించేదట పాపం," అంది ఆఫీసరు భార్య, దాని చెయ్యి పట్టుకుని.

గడియారం ఆయన వైపు చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు. గడియారం చెయ్యి విడిపించుకుంది. "మూడూ ఇరవై. నా బస్సుంది," అని చెప్పులేసుకుంది.

పెట్టెను అలాగే పట్టుకెళ్ళారు. పూర్తి చేయవద్దని ఆఫీసరు భార్యే అంది. తెల్లటి పక్కను గోడవైపు పెట్టకుండా గదిలోకి తిప్పి పెట్టుకుందట. చూడవచ్చినవాళ్ళకు ఆ కథ చెప్పి, భార్య అంటే అలాంటి ప్రాణం అని చెబుతుందట. ఆఫీసరు పదవీ విరమణ సభలో కూడా ఆ మాట వచ్చింది. "మన ఆర్టిస్టు గారు ఆ రోజు నుంచి కుంచె ముట్టలేదు," అన్నాడు ఆఫీసరు. అందరూ వెనక్కి తిరిగి ఆయన్ను చూశారు. ఆయన లేచి నమస్కారం పెట్టాడు.

ఎవరైనా కొత్తవాళ్ళు పెట్టె చేసివ్వమని అడిగితే, "తను పోయాక చెయ్యి ఆడటం లేదండీ," అనేవాడు. మొదట్లో ఆ మాట అన్న ప్రతిసారీ గొంతులో ఏదో అడ్డుపడేది. పదిమందికి చెప్పాక అడ్డుపడటం మానేసింది. ఇరవైమందికి చెప్పాక, తాను నిజంగానే ఒకప్పుడు పిట్టలు వేసేవాణ్ణని, దుఃఖం వల్ల మానేశానని ఆయనకే అనిపించసాగింది. పిట్ట కన్ను వెంట్రుకవాసి ముందుకు పడితే ఎలా ఉంటుందో అప్పుడప్పుడు కుర్రగుమస్తాలకు చెప్పేవాడు.

ఎండాకాలం మొదట్లో వరండా ఖాళీ చేసి, రంపాలూ ఉలులూ ఒక వడ్రంగికి ఇచ్చేశాడు. చెప్పుల అట్టపెట్టె చెత్తలో వేయబోయి, బరువుగా ఉంటే తెరిచాడు. నీలం డబ్బాలన్నీ ఎండి రాయిలా ఉన్నాయి. వాటి మధ్య ఒక దాని మూత మాత్రం గట్టిగా బిగించి ఉంది, ఊడదీశాడు. లోపల పైన తెట్టు కట్టింది. దాన్ని బొటనవేలితో నొక్కాడు. తెట్టు చిట్లి రంగు పైకి ఉబికింది. ఎండలో ఆరబెట్టిన ఇటుకలాంటి ఎరుపు, లోపలెక్కడో పసుపు. ఆమె వేసిన ఏ పిట్ట మీదా ఆ రంగు లేదు. ఏం వేయడానికి కలిపిందో అడగడానికి ఆయన ఇంట్లోకి రెండడుగులు వేసి, ఆగిపోయాడు.

తర్వాత ఆ డబ్బాను పిట్టగోడ మీద పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. చిట్లిన చోట రంగు ఇంకా పచ్చిగా మెరుస్తోంది.